బుచ్చవ్వ చీటీ

మనీషా ఫిల్టర్ కింద మూడో సీసా పెట్టింది. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో పుస్తకం. సీసా నిండింది. నీళ్లు పొర్లి, గట్టు మీద పారి, కాళ్ల మీద పడ్డాయి. అప్పటికి గానీ ఆమె తల ఎత్తలేదు.

"సీసాలు నింపమన్నానా, వంటిల్లు కడగమన్నానా?" అంది అమ్మ, గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ.

"ఒక్క పేజీ అమ్మా. బుడ్డి బస్సు దిగుతోంది."

"పదకొండుసార్లు దిగింది కదే ఆ మేక. ఇవాళ కొత్తగా ఎక్కడికి పోతుంది?"

"ఇది పన్నెండోసారి," అంది మనీషా.

ఆ పుస్తకం పేరు 'బస్సెక్కిన మేకపిల్ల'. అట్ట ఊడిపోతే అమ్మే బ్రౌన్ పేపర్ వేసి కుట్టింది. కథలో బుడ్డి అనే మేకపిల్ల ఒక ముసలవ్వ ఇంట్లో ఉంటుంది. ఒకరోజు సిటీ బస్సెక్కి, చివరి సీటు కింద నిద్రపోయి, ఎక్కడో చివరి స్టాప్‌లో దిగుతుంది. దారి తెలియదు. కానీ వచ్చేటప్పుడు ఒక్కో స్టాప్‌లో ఒక్కో వాసన పీల్చింది. బేకరీ వాసన, పూల వాసన, చేపల వాసన. వాటిని వెనక నుంచి ముందుకు గుర్తు చేసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా ఇల్లు చేరుతుంది. ఆ చివరి పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా మనీషాకు తానే ఇల్లు చేరినట్టు ఉంటుంది.

ఇవాళ ఆ కథ సినిమాగా చూడబోతోంది. తీసింది ఎవరో కాదు, వాళ్ల అపార్ట్‌మెంట్ పైన పెంట్‌హౌస్ గదిలో అద్దెకుండే భూపాల్ అన్న. యూనివర్సిటీలో చదువుకుంటాడు. స్నేహితులతో కలిసి ఏడాదిపాటు కష్టపడి ముప్పావుగంట సినిమా తీశాడు. సాయంత్రం నాలుగింటికి క్యాంపస్‌లోని చిన్న హాల్లో మొదటి షో.

ముందురోజు మెట్ల మీద కనపడి అన్నాడు. "చెల్లె, నీ అక్షరాలు ముత్యాల్లెక్క ఉంటయట కదా. రేపు నాకు సాయం చేయాలె."

"ఏం సాయం అన్నా?"

"సినిమా అయినంక అందరికీ చీటీలిస్తం. ఏం నచ్చింది, ఏం మార్చాలె రాసి డబ్బాల వేస్తరు. కొందరికి రాయరాదు. వాళ్లు చెప్తుంటే నువ్వూ మీ క్లాసు జశ్వంతూ రాయాలె. వాళ్లు ఏం చెప్తే అదే. ఆదివారం సాయంత్రం ఆరింటికి నేను ఎడిటింగ్‌ల కూసుంట. ఆ చీటీలు చూసే ఏది ఉంచాలె, ఏది తీసేయాలె అనేది. సోమవారం సినిమాను పోటీకి పంపాలె."

మనీషా ఆ రాత్రే రెండు పెన్నులు పెన్సిల్ బాక్సులో పెట్టుకుంది.

* * *

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పిల్లలు. వెనక వరసల్లో హాస్టల్ మెస్‌లో పనిచేసేవాళ్లు, క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చిన అమ్మలూ అవ్వలూ. వాళ్లలో బుచ్చవ్వ కూడా ఉంది. రోజూ పొద్దున్నే తార్నాకలో మనీషా వాళ్ల వీధికి ఆకుకూరలు తెచ్చేది ఆమే. మనీషా క్లాసులో చదివే జశ్వంత్‌కు సొంత నానమ్మ.

లైట్లు ఆరిపోయాయి. తెర మీద బుడ్డి బస్సెక్కింది. కండక్టర్ వంగి, "ఏయ్, నీకు టికెట్ ఉన్నదా?" అన్నాడు.

"మే," అంది బుడ్డి.

"మే!" అన్నారు ముందు వరసలోని పిల్లలందరూ. హాలంతా నవ్వు. మనీషా కూడా పగలబడి నవ్వింది.

బుడ్డి చివరి స్టాప్‌లో దిగింది. మనీషా కుర్చీ అంచుకు జరిగింది. ఇప్పుడు బేకరీ వస్తుంది. బుడ్డి ముక్కు ఎగబీలుస్తుంది.

బేకరీ రాలేదు. తెర మీద ముసలవ్వ కనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కింది. ప్రతి స్టాప్‌లో దిగింది. "బుడ్డీ... ఓ బుడ్డీ..." అని పిలిచింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. వాన మొదలైంది. గొంతు బొంగురుపోయింది. చివరికి ఒక పండ్ల బండి కింద రెండు చిన్న చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఇది పుస్తకంలో లేదు!" అని పైకే అనేసింది మనీషా.

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగారు. "చుప్ కూసో," అన్నాడు పక్కనున్న జశ్వంత్. "అందరూ చూస్తున్నరు కదా."

"పుస్తకంలో బుడ్డి తనంతట తనే వస్తుంది! వెతకడాలూ ఏడవడాలూ ఏమీ ఉండవు."

"వస్తే రానీ. నన్ను సినిమా చూడనీ."

వెనక వరసల్లో ఎవరో ముక్కు చీదుకున్నారు. మనీషా చేతులు కట్టుకుని కూర్చుంది. మిగతా సినిమా ఆమెకు సగమే కనపడింది.

* * *

షో అయ్యాక హాలు బయట వరండాలో రెండు బల్లలు వేశారు. ఒకదాని దగ్గర జశ్వంత్, ఇంకోదాని దగ్గర మనీషా. మధ్యలో మూతకు చీలిక పెట్టిన బిస్కెట్ డబ్బా.

బుచ్చవ్వ నేరుగా మనీషా ముందుకు వచ్చి నిలబడింది.

"అవ్వా, నేనున్న కదా!" అన్నాడు జశ్వంత్.

"నువ్వు కోడిగీతలు గీకుతవు బిడ్డా. ఈమె అక్షరం మంచిగుంటదట. నా మాట సక్కగ కనపడాలె," అంది బుచ్చవ్వ. కొంగు సర్దుకుని, స్టూలు మీద కూర్చుని, గొంతు సవరించుకుంది. ఎవరికో ఫోన్‌లో చెబుతున్నట్టు గట్టిగా మొదలుపెట్టింది.

"రాయి బిడ్డా. ముసల్ది మేకను దేవులాడిన కాడ నాకు మస్తు మంచిగనిపించింది..."

మనీషా పెన్ను ఆగింది. అందరికీ అదే సీను ఎందుకు నచ్చుతోంది? ఈ అవ్వ పుస్తకం చదవలేదు. చదివుంటే ఇలా అనేది కాదు. ఈ చీటీ చూస్తే భూపాల్ అన్న ఆ సీను అలాగే ఉంచేస్తాడు. అప్పుడు బుడ్డి తెలివి ఎవరికీ తెలియదు. సినిమా చూసినవాళ్లంతా బుడ్డిని ఒట్టి ఏడుపుగొట్టు మేక అనుకుంటారు.

బుచ్చవ్వ ఇంకా చెబుతోంది. వాళ్ల అబ్బాయి గట్టయ్య గురించి ఏదో, నుమాయిష్ ఎగ్జిబిషన్ గురించి ఏదో. మనీషా వినలేదు. పెన్ను మాత్రం కదిలింది.

'అవ్వ వెతికే సీను బాగాలేదు. పుస్తకంలో లేదు. తీసేయాలి. – బుచ్చవ్వ.'

"మంచిగ రాసినవా బిడ్డా?"

"రాశాను అవ్వా."

"నా పేరు యాడున్నది?"

మనీషా వేలు పెట్టి చూపించింది. బుచ్చవ్వ ఆ పేరును వేలితో మెల్లగా తడిమింది. చీటీని తానే నాలుగు మడతలు పెట్టి, తానే డబ్బాలో వేసింది.

ఆ తర్వాత హాస్టల్ మెస్‌లో రొట్టెలు చేసే లచ్చవ్వ వచ్చింది. ఆ తర్వాత పక్కవీధి సుందరరావు తాతయ్య. ఆయనకు రాయడం వచ్చు గానీ కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాడు. వాళ్లిద్దరూ కూడా ఆ సీనే బాగుందన్నారు. మొదటి చీటీ దగ్గర మనీషా పెన్ను ఆగింది. మూడో చీటీకి ఆగలేదు.

* * *

ఆదివారం పొద్దున గేటు దగ్గర బుచ్చవ్వ బండి ఆగింది. అమ్మ పాలకూర ఏరుతోంది. మనీషా సంచి పట్టుకుని నిలబడింది.

"ఇగో బిడ్డా," అని బుచ్చవ్వ ఒక పెద్ద పుదీనా కట్ట సంచిలో పడేసింది. "పైసలొద్దు. నాకు కాయితం రాసిచ్చినవు కదా. రాత్రి మా గల్లీల అందరికీ చెప్పిన. నా మాట కాయితం మీదికెక్కింది, సినిమా తీసినోడు చదువుతడు అని."

మనీషాకు సంచి ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది.

అప్పుడే భూపాల్ మెట్లు దిగి వచ్చాడు. చేతిలో ఆ బిస్కెట్ డబ్బా. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏంది బాబూ, నిద్ర లేదా?" అంది బుచ్చవ్వ. "నా చీటీ చూసినవా?"

"అన్నీ చదివిన అవ్వా." భూపాల్ మెట్టు మీద కూలబడి అమ్మ వైపు తిరిగాడు. "పిల్లలకు మంచిగనే నచ్చింది ఆంటీ. కానీ ఆ అవ్వ దేవులాడే సీను ఉన్నది కదా, అది పెద్దోళ్ల కోసమే పెట్టిన. మా సార్ మొదటి నుంచీ తీసేయమంటున్నడు, పుస్తకంల లేదని. నేనే మొండికేసిన. పెద్దోళ్లను అడిగి చూస్త, వాళ్లకు నచ్చితే ఉంచుత అన్న. తీరా చూస్తే ఆ సీను గురించి రాసినయి మూడే చీటీలు, మూడిట్లనూ ఒక్కటే మాట. తీసేయమనే. సాయంత్రం తీసేస్త ఇగ."

"ఎవరు తీసేయమన్నది?" అంది బుచ్చవ్వ.

"నువ్వు కూడా అన్నవు కదా అవ్వా." భూపాల్ డబ్బాలో వెతికి ఒక చీటీ తీసి, మడతలు విప్పి చదివాడు. "అవ్వ వెతికే సీను బాగాలేదు. పుస్తకంలో లేదు. తీసేయాలి. బుచ్చవ్వ."

బుచ్చవ్వ చేతిలో తోటకూర కట్ట అలాగే ఉండిపోయింది. ఆమె చీటీ వంక చూసింది. ఆ తర్వాత మనీషా వంక చూసింది. మనీషా నేల చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది. ఇక్కడే, అమ్మ ముందే.

"ఆ..." అంది బుచ్చవ్వ. "అన్ననేమో బిడ్డా. ముసల్దాన్ని. ఏమన్ననో యాదికి లేదు."

అని బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. రోజూ వీధి చివరిదాకా వినిపించే "పాలకూరా... తోటకూరా..." అన్న కేక ఆ పూట వినపడలేదు.

* * *

మనీషా ఇంట్లోకి వచ్చి పుదీనా కట్ట బల్ల మీద పెట్టింది. పుస్తకం తెరిచింది. ఒక్క అక్షరం కూడా లోపలికి పోలేదు. పుస్తకం మూసేసింది.

పదకొండింటికి వంటింట్లోకి వెళ్లి అమ్మకు అంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అమ్మ స్టవ్ చిన్నది చేసి విన్నది.

"బుచ్చవ్వకి చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావ్?"

మనీషా కళ్లు తుడుచుకుంది. "నువ్వు భూపాల్ అన్నతో చెప్తావేమోనని."

"నేనా? రాసింది నువ్వు." అమ్మ స్టవ్ కట్టేసింది. స్కూటీ తాళాలు తీసుకుంది. "మాణికేశ్వర్ నగర్ మలుపు దాకా దింపుతాను. అక్కడే ఉంటాను. లోపలికి నువ్వే వెళ్లు."

జశ్వంత్ వాళ్లిల్లు సందులో మూడోది. బుచ్చవ్వ గడప దగ్గర కూర్చుని, అమ్ముడుపోని ఆకుకూరల మీద నీళ్లు చిలకరిస్తోంది. జశ్వంత్ పక్కనే సైకిల్ చైను ఎక్కిస్తున్నాడు.

"రా బిడ్డా. ఎండల పడి వచ్చినవు. నీళ్లు తాగుతవా?"

"వద్దు అవ్వా." మనీషా నిలబడే ఉంది. చెప్పాలనుకున్నవన్నీ దారిలోనే పోయాయి. ఒక్కటే మిగిలింది. "నువ్వు చెప్పింది నేను రాయలేదు. నాకు నచ్చింది రాశాను."

జశ్వంత్ చేతిలోంచి చైను జారిపోయింది. "ఏందీ? మా అవ్వ మాట మార్చినవా? రాత్రి గల్లీ మొత్తం తిరిగి చెప్పింది తెలుసా ఆమె! క్లాసుల ఫస్టొస్తవు, గిదేనా నువ్వు నేర్చుకున్నది?"

"ఊకోరా నువ్వు," అంది బుచ్చవ్వ.

"ఎందుకూకోవాలె?"

"అది వచ్చింది కదరా. వచ్చినంక ఏం కొట్టాడుతవు?"

మనీషా బుచ్చవ్వ వైపు తిరిగింది. "పొద్దున భూపాల్ అన్నకు ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"చెప్తే గాడ మీ అమ్మ ముంగట నీ మొకం ఎట్లయితుండె?" బుచ్చవ్వ నీళ్ల చెంబు పక్కన పెట్టింది. "కానీ నాకు నొచ్చింది బిడ్డా. అబద్ధమెందుకు. నొచ్చింది."

మనీషా గడప పక్కన కూలబడింది. సందులో ఎవరిదో కుక్కర్ కూత వేసింది.

"అసలు నీకు ఆ సీనంటే ఎందుకంత కోపం?" అంది బుచ్చవ్వ.

"పుస్తకంలో బుడ్డి చాలా తెలివైంది అవ్వా. వాసన పట్టుకుని తనే ఇంటికొస్తుంది. ఎవరూ వెతకనక్కర్లేదు."

"వస్తది. తెలివైందే అనుకో. అది వచ్చేదాంక మరి ఆ ముసల్ది ఇంట్ల ఏం చేస్తున్నది?"

మనీషా ఆ పుస్తకాన్ని పన్నెండుసార్లు చదివింది. బుడ్డి వెంట ప్రతి స్టాప్‌లోనూ తిరిగింది. ఇంట్లో అవ్వ ఏం చేస్తోందో ఒక్కసారి కూడా అనుకోలేదు.

"పుస్తకంలో రాయలేదు," అంది మెల్లగా.

"రాయకుంటే? అన్నం తినుకుంట కూసుంటదా?"

జశ్వంత్ కిసుక్కుమన్నాడు. మనీషాకు కూడా కాస్త నవ్వొచ్చింది. జేబులోంచి పెన్నూ కాగితమూ తీసింది.

"అవ్వా, మళ్లీ చెప్తావా? ఈసారి నువ్వన్నదే రాస్తాను."

బుచ్చవ్వ మనవడి వంక చూసింది. "నువ్వు పక్కన కూసోని చూడరా. ఏం రాస్తున్నదో."

మనీషాకు చెవులు వేడెక్కాయి. అయినా పక్కకు జరిగి చోటిచ్చింది. జశ్వంత్ వచ్చి భుజం మీదుగా తొంగిచూస్తూ కూర్చున్నాడు. బుచ్చవ్వ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మనీషా ఒక్కో మాటా రాసింది. అర్థం కాని చోట ఆగి అడిగింది. అయ్యాక పైకి చదివింది.

"ముసల్ది మేకను దేవులాడిన కాడ నాకు మస్తు మంచిగనిపించింది. మా గట్టయ్య ఐదేండ్లప్పుడు నుమాయిష్‌ల తప్పిపోయిండు. మైకుల చెప్పిస్తరని నాకు తెల్వదు. ప్రతి దుకాణం ముంగట నిలబడి పిలిచిన. మిఠాయి బండి కాడ దొరికిండు. ఆ సీను తీసేయొద్దు. నా గొంతు గూడ గట్లనే పోయింది. దేవులాడి దేవులాడి సచ్చిన."

"ఆ ఆఖరిది కొట్టేయి," అంది బుచ్చవ్వ. "మంచి కాయితం మీద సచ్చిన అని ఎందుకు?"

మనీషా కొట్టేసింది.

"ఇంకోటి రాయి. ఆ మేకపిల్ల బాగ బొద్దుగున్నది. పొద్దంత తిండి లేకుండ తిరిగిన మేక గట్లుండదు. జర బక్క మేకను పెట్టాలె."

"అవ్వా, సినిమా అయిపోయింది. ఇప్పుడు మేకను మార్చలేడు," అన్నాడు జశ్వంత్.

"మార్చలేకుంటే మానె. నేనన్నది రాయమను."

మనీషా అదీ రాసింది.

* * *

ఇంటికొచ్చి పైకి వెళ్తే పెంట్‌హౌస్ గదికి తాళం ఉంది. భూపాల్ నాలుగింటికి గానీ రాలేదు. రాగానే అమ్మ అతన్ని టీకి పిలిచింది. మనీషా అతని ముందుకు వెళ్లి చీటీ ఇచ్చింది.

"అన్నా, ఇది బుచ్చవ్వ చెప్పింది. నిన్నటిది ఆవిడ మాట కాదు, నాది. నేనే మార్చి రాశాను."

భూపాల్ టీ గ్లాసు కింద పెట్టి చదివాడు. మేక బొద్దుగా ఉందన్న చోట పెదవి కొసన నవ్వు మెదిలింది. నుమాయిష్ దగ్గర మళ్లీ వెనక్కి వెళ్లి చదివాడు.

"అన్నా, పుస్తకంలో వాసనలుంటాయి కదా. అవెందుకు తీసేశావు?" అని అడిగింది మనీషా, ఉండబట్టలేక.

"తెర మీద వాసన ఎట్ల చూపించాలె చెల్లె? ఆరు నెలలు ఆలోచించిన. వాసన రాకుంటే గొంతన్నా వినపడాలె అనుకున్న." అతను చీటీ మడిచాడు. "కానీ ఇది ఒక్కటే అయితున్నది. మిగిలిన ఇద్దరూ తీసేయమన్నరు. ఒక్కరి మాట మీద సార్‌ను ఎట్ల ఒప్పించాలె?"

గోడ మీద గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. మనీషా తల వంచుకుంది. భూపాల్ అన్నకు అనుమానం లేదు. అమ్మ కూడా ఏమీ అనడం లేదు. లచ్చవ్వకు గానీ సుందరరావు తాతయ్యకు గానీ ఇంకా ఏమీ తెలియదు. ఈ చీటీ ఇచ్చేసింది కదా. ఇప్పుడు ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు.

"ఆ రెండూ కూడా నేనే మార్చాను," అంది మనీషా.

భూపాల్ ఆమె వంక చూశాడు. అరవలేదు. తిట్టలేదు. దానికంటే ఆ చూపే కష్టంగా ఉంది. చొక్కా జేబులోంచి రెండు ఖాళీ చీటీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆరింటికి ఇంకెంత టైముందోనని గడియారం వంక చూశాడు.

లచ్చవ్వ ఈ వేళప్పుడు మెస్‌లో పిండి కలుపుతూ ఉంటుంది. సుందరరావు తాతయ్య పక్కవీధి అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఇద్దరికీ మొదటి నుంచీ చెప్పాలి. ఇద్దరూ మొహం మీదే ఏమైనా అనొచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాసింది చదివి వినిపించాలి.

మనీషా చీటీలు తీసుకుంది. చెప్పులేసుకుంది. తలుపు తీసుకుని బయటికి నడిచింది.